చేతికి తెలిసే కుట్లు

కార్బీ దీవి లైట్‌హౌసు,
3 మార్చి 1958

మెర్ల్ వదినగారికి,

నోరీన్ రాస్తున్నది. చేతిరాత చూసి ఎవరిదో అనుకుంటారేమో. పెళ్లయ్యాక మీకు నేను రాసే మొదటి ఉత్తరం ఇదే. ఇన్నాళ్లూ క్రిస్మస్ కార్డు కింద సంతకం మాత్రం చేశాను, అదీ మీ తమ్ముడు పక్కన నిలబడి చేయించబట్టి.

మేమిద్దరం కులాసా. గాలి ఎప్పటిలాగే ఉంది. మొన్న కోడిపెట్టలు మూడు సముద్రం మీదికి ఎగిరిపోయాయి. వెళ్లాలని వాటికి ఉండి ఉండదు.

నాకు ఊలు అల్లడం నేర్పుతారా అని అడగడానికి రాస్తున్నాను. ఇక్కడ అల్లిక వచ్చిన మనిషి లేకపోలేదు. లైట్‌హౌసు కాపలాలో మీ తమ్ముడికి పైనున్న పెద్ద కీపరు స్పైట్‌గారి భార్య విన్నీ అల్లుతుంది. కాని దీవిలో ఉన్నవి రెండే ఇళ్లు, ఆ రెండిళ్ల ఆడవాళ్లకీ నవంబరు నుంచి మాటల్లేవు. వాళ్ల మేక మా క్యాబేజీలు మేసింది. మేక గురించి నేనొక మాట అన్నాను. ఆవిడ అది తన గురించి అనుకుంది. నేను కాదనలేదు.

ఒక్క మనవి. ఇరవై మైళ్ల దూరానికి కనిపించే దీపం మా నెత్తి మీదే ఉన్నా, ఇంట్లోకి మాత్రం కిరసనాయిలు బుడ్డే. సాయంత్రమైతే చేతిలో ఏముందో కనబడదు. అందుకని బొమ్మలు గీసి పంపొద్దు. చేతికి తెలిసేలా రాయండి. చదివితే వేళ్లకి అర్థం కావాలి.

సరుకుల పడవ రెండు వారాలకోసారి వస్తుంది, సముద్రం ఒప్పుకుంటే.

మీ మరదలు,
నోరీన్

~

సిగ్నెట్,
12 మార్చి

నోరీన్‌కి,

నీ ఉత్తరం అందింది. చెడ్డ కబురు ఎక్కడుందా అని రెండుసార్లు చదివాను. అల్లిక తప్ప ఏమీ దొరకలేదు.

పెళ్లి విందులో నేను బల్ల కింద మేజోడు అల్లుకుంటుంటే చూసి, "వదినగారికి కేకు కంటే ఊలే రుచిగా ఉన్నట్టుంది" అన్నావు. అందరూ నవ్వారు. బార్‌లో పనిచేసిన పిల్ల, మాటకారితనం ఉండదా అని సరిపెట్టుకున్నాను. ఇప్పుడు నువ్వే అడుగుతున్నావు కాబట్టి దాని గురించి ఇక మాట్లాడను.

లావు సూదులు ఒక జత, ముతక ఊలు రెండు ఉండలు పంపుతున్నాను. సన్నవైతే వేళ్లకి అందవు.

ముందు సూది మీదికి కుట్లు ఎక్కించాలి. ఊలు కొసన జారుముడి వేసి ఎడమ సూదికి తొడుగు. కుడి సూది మొనని ఆ ముడిలోకి దూర్చు. ఊలు దాని చుట్టూ ఒకసారి తిప్పు. తిప్పినదాన్ని ముడిలోంచి బయటికి లాగు. లాగినదాన్ని తెచ్చి ఎడమ సూదికే తొడుగు. ఇప్పుడు నీకు రెండు కుట్లున్నాయి. ఇలా ముప్ఫై దాకా ఎక్కించు.

నేరుకుట్టు కూడా ఇంతే. లాగిన కుట్టు ఈసారి కుడి సూది మీదే ఉండిపోతుంది, పాతది ఎడమ సూది మీంచి జారిపోతుంది. దూర్చు, చుట్టు, లాగు, జార్చు. మా అమ్మమ్మ ఇలాగే పాటలా చెప్పి, "జార్చు" అన్న ప్రతిసారీ ఒక మొట్టికాయ వేసేది. ఇంత దూరం నుంచి నాకు అందదు. నువ్వే వేసుకో.

ఊలు ముందుకి తెచ్చుకుని సూదిని వెనక నుంచి ముందుకి దూరిస్తే అది తిరగకుట్టు. వరసంతా అయ్యాక సూదులు చేతులు మార్చుకుని మళ్లీ మొదలుపెట్టు. గట్టిగా బిగించకు. కొత్తవాళ్లందరూ ఊలు పారిపోతుందన్నట్టు పట్టుకుంటారు.

అల్లిన ముక్క నాకు పంపు. తప్పులు చెప్పడం నాకు ఇష్టమైన పని.

మెర్ల్

~

కార్బీ దీవి,
14 ఏప్రిల్

మెర్ల్ వదినగారికి,

ముక్క పంపుతున్నాను. ముప్ఫై కుట్లతో మొదలుపెడితే నలభై దాటింది. కింద చెయ్యి తుడుచుకునే గుడ్డలా ఉండి పైకి వెళ్లేకొద్దీ తెరచాపలా విచ్చుకుంది. అదనపు కుట్లు ఎక్కణ్ణించి వస్తున్నాయో తెలియడం లేదు. దీవి మీదికి కొత్తగా ఎవరూ రాలేదు.

మధ్యలో ఒక రోజు మేక వచ్చి ఊలు ఉండ పట్టుకుపోయింది. నేను వెంటపడితే, విన్నీ స్పైట్ వాకిట్లో నిలబడి చూసింది. నేనూ ఆవిణ్ణి చూశాను. మేక నోట్లోంచి ఊలు ఇద్దరం కలిసే లాగాం. ఒక్క ముక్క మాట్లాడుకోలేదు.

అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. నేరుకుట్టుకీ తిరగకుట్టుకీ తేడా వేలితో తడిమితే ఎలా తెలుస్తుంది? కుట్టు జారిపోతే చూడకుండా ఎలా పట్టుకోవడం? లెక్క తప్పితే మొదటి నుంచీ లెక్కపెట్టకుండా దారేమైనా ఉందా? బొటనవేలు లావుగా ఉంటే సూది మొనకి అడ్డం వస్తోంది, దానికేం చెయ్యాలి?

మీ తమ్ముడికి జలుబు చేసింది, అందుకే ఉత్తరం రాయలేదు. మిమ్మల్ని అడిగినట్టు చెప్పమన్నారు.

నోరీన్

~

సిగ్నెట్,
23 ఏప్రిల్

నోరీన్‌కి,

ముందు నువ్వడిగినవాటికి జవాబులు.

కుట్లు పెరగడానికి కారణం ఇది. వరస మొదట్లో ఊలు సూది మీంచి వెనక్కి లాగుతున్నారు. అప్పుడు మొదటి కుట్టు రెండు కాళ్లు చాపుకుని రెండు కుట్లలా ఉంటుంది. వరస మొదలుపెట్టే ముందు ఊలు సూది కిందికి వేలాడుతోందా లేదా అని చూపుడువేలితో తడిమితే చాలు.

నేరుకుట్టు మీద వేలు పెడితే నున్నగా జారుతుంది. తిరగకుట్టు మీద చిన్న గింజలా బొడిపె తగులుతుంది. సూది కిందనే, కుట్టు మెడ దగ్గర తడమాలి. ఆ రెండూ ఒకటి విడిచి ఒకటి అల్లుకుంటూ పోతే సాగే పట్టీ వస్తుంది. చేతుల అంచుకీ మెడకీ అదే వాడతాం.

ప్రతి పదో కుట్టు తర్వాతా సూదికి నూలు దారం చిన్న ముడి వేసి తొడుగు. దారం ఊలులా ఉండదు, చల్లగా పల్చగా తగులుతుంది. ముడికీ ముడికీ మధ్య లెక్కపెడితే సరిపోతుంది. లెక్క తగ్గిందంటే కుట్టు ఆ పదిలోనే జారింది. దానికోసం క్రోషా కొక్కెం పంపుతున్నాను. జారిన చోట నిచ్చెన మెట్లలా అడ్డపోగులుంటాయి. అడుగున ఉన్న కుట్టుకి కొక్కెం తగిలించి, ఒక్కో మెట్టూ అందులోంచి లాక్కుంటూ పైదాకా వచ్చి సూదికి తొడగాలి. కొక్కెం చేతిలో ఉంటే జారిన కుట్టు గురించి భయపడక్కర్లేదు.

బొటనవేలికి మాత్రం జవాబు లేదు. నీ పెళ్లి ఉంగరం నా చిటికెనవేలికి కూడా దూరలేదు. లావు బొటనవేలు నీది కాదు.

నువ్వు పంపిన ముక్క పుర్రచేతివాళ్లు అల్లింది. ఊలు కొస ఉండాల్సిన మూలకి ఎదురు మూల ఉంది, కుట్లన్నీ అటు తిరిగి ఉన్నాయి. కేకు నువ్వు కుడిచేత్తో కోశావు. మా ఇంట్లో పుర్రచెయ్యి ఒక్కడికే ఉంది.

నోరీన్, వాడి కళ్లకి ఏమైంది?

మెర్ల్

~

కార్బీ దీవి,
26 మే

వదినా,

మీ ఉత్తరం వచ్చాక పడవ రెండుసార్లు వెళ్లింది. రెండుసార్లూ రాసి చించేశాను. ఇది మూడోది.

రాత్రిళ్లు ఆయనకి కనబడదు. పోయినేడాది నుంచీ ఉంది, నాకు జులై చలికాలంలో తెలిసింది. డిసెంబరు వేసవికి పక్కచూపు పోయింది. ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, కాని గొట్టంలోంచి చూసినట్టు. బుడ్డి వెలుతురులో అదీ ఉండదు. టవరు మెట్లు పాదాలతో గుర్తుపట్టి ఎక్కుతారు. దీపం వెలిగించడం, దీపాన్ని తిప్పే గడియారానికి కీ ఇవ్వడం చేతులే చేసేస్తాయి. ఆయన కాపలా వేళ నేనూ పైకి వెళ్లి కూర్చుంటున్నాను. సముద్రం మీద ఏముందో చెప్తే ఆయన లాగ్‌పుస్తకంలో రాయమంటారు, నేను రాస్తాను. నా రాత ఆయన రాతలా వచ్చేదాకా సాధన చేశాను. ఎవరికైనా తెలిస్తే ఉద్యోగం పోతుంది, ఇల్లూ పోతుంది.

అల్లిక ఆయనే అడిగారు. పగళ్లు మంచం మీద కూర్చుని చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని ఉండేవారు. ఒకరోజు, "ఈ చేతులకి ఏదో ఒకటి ఇవ్వు నోరీన్. ఊరికే ఉంచితే వాటికి భయమేస్తోంది" అన్నారు. మీ పేరు కూడా ఆయనే చెప్పారు. "అక్కని అడుగు, కాని నాకని చెప్పకు. చెప్తే పడవేసుకుని వచ్చేస్తుంది."

రాకండి. ఎవరికీ చెప్పకండి.

ఇప్పుడు మఫ్లరు అల్లుతున్నారు. పొడుగు ఆపడం ఎలాగో మీరింకా చెప్పలేదు కాబట్టి అది పెరుగుతూనే ఉంది. మొన్న గుమ్మం దాటింది.

నోరీన్

~

సిగ్నెట్,
4 జూన్

నోరీన్,

ఇది వాడికి రాస్తున్నాను. నువ్వు బిగ్గరగా చదువు. నీ గురించి ఉన్న చోట కూడా ఆపకుండా చదువు.

వెస్,

నేను పడవెక్కి రావడం లేదు. నాకు సముద్రం పడదు. నువ్వు దీవి మీద ఉద్యోగం ఎంచుకున్నప్పుడే ఆ సంగతి ఆలోచించి ఉంటావు.

నాన్న తాగుబోతు కాదు. నీకప్పుడు ఆరేళ్లు, నాకు పదహారు. ముందు రాత్రి చూపు పోయింది, తర్వాత పక్కచూపు, ఆఖరికి ఎదురుగా ఉన్నది కూడా. సాయంత్రం తోటలోంచి తూలుకుంటూ వచ్చేవాడు. చూసినవాళ్లు తాగాడన్నారు. అమ్మ అననిచ్చింది. తాగుతాడంటే జాలిపడి వదిలేస్తారు, గుడ్డివాడంటే తోట ఎంతకిస్తావని అడుగుతారని ఆవిడ లెక్క. చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకుంది. ఆవిడ పోయాక చెప్పడానికి సందర్భం కుదరలేదు. క్రిస్మస్ భోజనం మధ్యలో చెప్పే కబురు కాదు కదా.

యాపిల్ పెట్టెల షెడ్డులో తలుపేసుకుని ఆయన చేసిన పని తాగడం కాదు. మేజోళ్లు అల్లేవాడు. నేర్పింది నేను. నూలు దారం ముడీ, గింజలా తగిలే బొడిపే, అవన్నీ అప్పుడు ఆయనకోసం నేను కనిపెట్టుకున్నవే. చిన్నప్పుడు నువ్వు తొడుక్కున్న ప్రతి మేజోడూ ఆయన చేతిదే. అమ్మ అల్లిందనుకున్నావు. అమ్మకి అల్లిక రాదు.

నువ్వొకసారి ఓడ బొమ్మ గీసి చూపిస్తే దాన్ని తలకిందులుగా పట్టుకుని "బాగుందిరా" అన్నాడు. వెక్కిరించాడని నువ్వు వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయనకి కాగితం తెలిసింది, బొమ్మ తెలియలేదు. నీ మొహం ఎటుందో కూడా గొంతును బట్టి చూసుకున్నాడు.

నా కళ్లు బాగానే ఉన్నాయి. పక్కింటివాళ్ల కంచె ఎంత వంకరగా ఉందో ఇక్కణ్ణించే కనిపిస్తోంది.

ఇక అసలు మాట. నాన్న దాచుకున్నది ఒక యాపిల్ తోటకోసం. చెట్లు ఎవరినీ ముంచవు. నీ దీపం చూసుకుని మనుషులు ప్రాణాలతో ఇళ్లకి వెళ్తున్నారు. నాకు అబద్ధం చెప్పావు, పరవాలేదు, నేను తట్టుకుంటాను. వాళ్లకి చెప్పకు. వెళ్లి స్పైట్‌తో చెప్పు. నోరీన్‌ని పంపకు, నువ్వే వెళ్లు. ఆ పిల్ల ఇప్పటికే రెండు ఉద్యోగాలు చేస్తోంది, జీతం ఒక్కటే వస్తోంది, అదీ నీకు.

మఫ్లరు ఆపడం ఇలా. రెండు కుట్లు అల్లు. మొదటిదాన్ని ఎత్తి రెండోదాని మీంచి దాటించి వదిలెయ్యి. ఇంకోటి అల్లు, మళ్లీ దాటించు. ఆఖరిదాంట్లోంచి ఊలు కొస లాగి తెంపెయ్యి. వదులుగా ముయ్యాలి, లేకపోతే అంచు ముడుచుకుపోతుంది.

అక్క

~

కార్బీ దీవి,
21 జులై

వదినా,

మీ ఉత్తరం ఆపకుండానే చదివాను. ఆయన లేచి బయటికి వెళ్లి కోళ్ల గూడు దగ్గర చాలాసేపు నిలబడ్డారు. ఆ తర్వాత నెల్లాళ్లు స్పైట్‌గారి దగ్గరకి వెళ్లనూ లేదు, వెళ్లనని చెప్పనూ లేదు. మఫ్లరు మూసేసి స్వెటరు మొదలుపెట్టారు.

ఈ నెల మొదట్లో నాకు జ్వరం వచ్చింది. లేవలేకపోయాను. చీకటిపడే వేళ ఆయనొక్కరే పైకి వెళ్లి దీపం వెలిగించి, దానికి వీపు చేసి కూర్చున్నారు. వెలిగించిన కాసేపటికి, వెలుగునిచ్చే మాంటిల్ జాలీ పగిలి దీపం ఆరిపోయింది. పంపు చప్పుడు మామూలుగానే ఉంది, కిరసనాయిలు వాసన మామూలుగానే ఉంది. ఆయనకి తెలియలేదు. చీకట్లో ఒళ్లో అల్లిక పెట్టుకుని, దీపం వెలుగుతోందనుకుంటూ కూర్చున్నారు.

రోజూ అయితే స్పైట్‌గారు కింద నుంచి దీపం చూసుకునేవారట. ఆ సాయంత్రం రేవులో తాడు తెగితే అక్కడ ఉన్నారు. వంటింటి కిటికీలోంచి చూసింది విన్నీ. పిండి చేతులతో టవరు మెట్లన్నీ ఎక్కింది. ఆవిడది నాకంటే రెండింతల ఒళ్లు.

"వెస్, దీపం లేదు" అందిట.

"ఉందే" అన్నారట ఈయన.

ఆవిడ కొత్త మాంటిల్ తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయనే బిగించారు. వెలిగాక, ఆరేడు మంది ఉన్న రొయ్యల పడవ ఒకటి రాళ్లకి బాగా దగ్గరగా వచ్చి, అప్పుడే పక్కకి తిరుగుతూ కనబడింది ఆవిడకి. అది కూడా ఆయనతో చెప్పింది. దాచలేదు.

తెల్లారి ఆయన స్పైట్‌గారి ఆఫీసుకి వెళ్లారు. నన్ను గుమ్మం బయటే ఉండమన్నారు. తలుపు తీసే ఉంది.

"కూర్చో వెస్."

"నిలబడే చెప్తాను."

"కుర్చీ నీ ఎడమ పక్కనుంది. కాస్త వెనక్కి."

ఆయన కూర్చోలేదు. "ఎప్పటినుంచి తెలుసు?" అన్నారు.

"జనవరి నుంచి. పొద్దున్నే మా మేకకి గుడ్‌మార్నింగ్ చెప్పావు."

"మీరనుకున్నాను."

"అది నాకు అర్థమైంది. విన్నీకి చెప్తే రెండు రోజులు నవ్వింది. మూడో రోజు ఏడ్చింది."

"మరి నన్ను అడగలేదేం?"

"నువ్వు చెప్తావని."

"చెప్పకపోతే?"

"నీ కాపలా వేళ నేను పడుకుంటున్నానని నీకెవరు చెప్పారు? ఆరు నెలలైంది నేను సరిగ్గా నిద్రపోయి. ఇంక నావల్ల కాదు. నువ్వు వచ్చావు కాబట్టి ఈ రాత్రి పడుకుంటాను."

ఆయన అప్పుడు కూర్చున్నారు.

స్పైట్‌గారు రేడియోలో హోబార్ట్ నగరంలోని పై ఆఫీసుకి చెప్పేశారు. సెప్టెంబరు మొదటి పడవలో కొత్త కీపరు వస్తాడు, అదే పడవలో మేం దిగాలి. అప్పటిదాకా ఆయన కాపలా నాకిచ్చారు, లాగ్‌పుస్తకంలో నా పేరుతోనే. సంతకం చెయ్యబోయి మొదటి రోజు ఆయన రాతలోనే చేసేశాను. కొట్టేసి మళ్లీ చెయ్యాల్సొచ్చింది.

విన్నీ మా ఇంటికొచ్చి కూర్చుంటోంది. నాకూ అల్లిక నేర్పుతోంది. నా ముక్క చూసి, నీ మొగుణ్ణి అడిగి నేర్చుకో అంది.

ఇక్కణ్ణించి ఆయన చెప్తుంటే రాస్తున్నాను.

అక్కా. నాన్న సంగతి చదివాక నీ మీద కోపం వచ్చింది. తర్వాత అమ్మ మీద వచ్చింది. ఇప్పుడు ఎవరి మీదా లేదు, వెతికినా దొరకడం లేదు. మేజోళ్ల మడమ ఆయన ఎలా తిప్పేవాడో రాయి. నాకు అక్కడే ఆగిపోతోంది. ఆ ఓడ గురించి కూడా ఆలోచించాను. నేను గీసిన ఓడ తలకిందులుగా చూస్తేనే బాగుండేదేమో, నాకు బొమ్మలు రావు. రొయ్యల పడవ మాత్రం నాకు రోజూ కనిపిస్తోంది. అది కనబడటానికి కళ్లు అక్కర్లేదు.

ఆయన చెప్పింది అయింది. ఇక నా మాట. దిగాక హోబార్ట్‌లో ఒక గది చూసుకుంటాం. ఓడరేవు దగ్గర బార్‌లో నాకు పని దొరుకుతుంది, పాత యజమానికి రాశాను. మీకు ఇబ్బంది కలిగించం.

నోరీన్

~

సిగ్నెట్,
30 జులై

నోరీన్‌కి,

హోబార్ట్‌లో గది వద్దు. ఆ రేవు వీధిలో మెట్లన్నీ ఒక ఎత్తున ఉండవు. నీ పాత యజమానికి మళ్లీ రాసి రావడం లేదని చెప్పు. ఈ ఊళ్లో కూడా బార్ ఉంది. అక్కడికి వెళ్లి నీ గురించి చెప్పొచ్చాను. నేను ఆ గుమ్మం తొక్కడం అదే మొదలు. యజమాని నన్ను చూసి టోపీ తీశాడు, ఎవరో పోయారనుకున్నట్టున్నాడు. సెప్టెంబరు నుంచి పని ఇస్తానన్నాడు.

నాకు ఇబ్బంది కలిగించం అని రాశావు. ఇబ్బంది కలుగుతుంది. నేను ఒక్కదాన్నే ఉండటానికి అలవాటుపడ్డాను, వంటింట్లో నా వస్తువులు ఎవరైనా కదిపితే సహించను. ఇప్పుడు వాడికోసం ఏదీ ఎప్పుడూ కదపకూడదు కాబట్టి ఆ విషయంలో మా ఇద్దరికీ పడుతుంది. నీతోనే కష్టం. సర్దుకుందాం.

కిందటి బుధవారం చర్చిలో ఆడవాళ్ల టీ సమావేశంలో నాన్న సంగతి చెప్పాను. కుట్టుపనుల లెక్కలు అయ్యాక, ఇంకేమైనా ఉందా అని అడిగితే, ఉంది అని లేచాను. మా నాన్న తాగేవాడు కాదు, ఆయనకి చూపు లేదు, మా తమ్ముడికీ పోతోంది, వాడు ఇక్కడికి వస్తున్నాడు, ఎవరైనా వాడితో గట్టిగా అరిచి మాట్లాడితే ఊరుకోను, చెవులు బాగానే ఉన్నాయి అన్నాను. అందరూ టీ కప్పులు కింద పెట్టారు. తర్వాత ముసలి మిసెస్ గార్ట్, "మీ నాన్న అప్పట్లో మా ఆయనకి మేజోళ్లు ఇచ్చాడు. మీ అమ్మ అల్లిందని చెప్పాడు" అంది. ఇంకొకామె స్కోన్ బన్నుల పళ్లెం నా వైపు తోసింది. అంతే అయింది. ఇన్నేళ్లూ ఏమవుతుందని భయపడ్డామో నాకు తెలియడం లేదు.

మడమ తిప్పడం ఉత్తరంలో చెప్పే పని కాదు. వాడి వేళ్ల మీద నా వేళ్లు పెట్టి చూపించాలి. నాన్నకీ అలాగే చూపించాను. అందాకా మేజోడు పొడుగ్గా అల్లుకుంటూ ఉండమను.

ఇక పడవ సంగతి. మిమ్మల్ని తీసుకెళ్లడానికి హోబార్ట్ రేవుకి నేనే వస్తాను. అక్కడ పీపాలు, తాళ్లు, జనం, గందరగోళంగా ఉంటుంది. దిగేటప్పుడు నువ్వు వాడి చెయ్యి పట్టుకుని లాక్కురావాలని చూస్తావు. వద్దు. పెట్టెలు నువ్వు పట్టుకో, వాణ్ణి వాడి దారిన నడవనీ. గట్టు చివర దీపస్తంభం దగ్గర నేను నిలబడతాను. నేను వాడికి కనబడనని తెలుసు, అందుకని పడవ కట్టేసినప్పటినుంచి మాట్లాడుతూనే ఉంటాను. ఏం మాట్లాడతానో ఇంకా అనుకోలేదు. కంచె గురించో, బార్ యజమాని టోపీ గురించో, నీ గురించో. నా పక్కన నిలబడ్డవాళ్లు నాకు మతి తప్పిందనుకుంటే అనుకోనీ. వాడు నా గొంతు పట్టుకుని నేరుగా నడిచి వస్తాడు. వాడి చెయ్యి నాకు తగిలేదాకా నేను ఆపను.

అక్క,
మెర్ల్